రాత్రి కంచం కళగా ఉండాలంటే

గోంగూర పప్పు రంగు మారిందని కంగారు పడక్కర్లేదు. ఆకులో ఉన్న పులుపు ఉడికేటప్పుడు పచ్చదనాన్ని తినేస్తుంది, ఎవరు వండినా ఆ ఖాకీ రంగే. ఆ పప్పుకి కళ తెచ్చేది పోపు. నలుగురి పప్పుకి 2 చెంచాల నెయ్యి, ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, 4 దంచిన వెల్లుల్లి రెబ్బలు. ఎండుమిర్చి, కరివేపాకు స్టవ్ ఆపేశాకే. మన గుంటూరు మిర్చైనా సరే, మంట మీద ఉంచితే ఇట్టే నల్లబడి చేదెక్కుతుంది. సగం పోపు పప్పులో కలిపి, మిగతా సగం గిన్నె టేబుల్ మీదకి వచ్చాక పైన పొయ్యండి. అంతా ముందే కలిపేస్తే ఎర్రటి మిర్చి కాస్తా అడుగున మునిగిపోతుంది. పక్కన తెల్లగా పచ్చి ఉల్లిపాయ ముక్కలు.

బెండకాయ వేపుడుకి మూత వద్దు. ఆవిరి నీరై మళ్లీ అందులోకే దిగి జిగురవుతుంది, రంగూ పోతుంది. ఉప్పు చివర్లో.

కుక్కర్ని కుక్కర్‌లాగే టేబుల్ ఎక్కించడం మాత్రం మానండి బాబూ! గిన్నె ముప్పావు వంతే నింపి, అంచు తడిగుడ్డతో తుడవాలి. అన్నం 10 నిమిషాలు ఆగి, అట్లకాడతో అంచుల నుంచి విడదీస్తే మెతుకు విరగదు. బెజవాడ ఎండలకి పెరుగు ఆఖర్నే బయటికి తియ్యండి.