చిప్‌లో రెండు ఫోటాన్లు కలిశాయి

సిలికాన్ ఫోటానిక్ చిప్‌లో కాంతి నడిచే దారి అర మైక్రాన్ వెడల్పు, 220 నానోమీటర్ల మందం. అందులోకి 1550 నానోమీటర్ల వెలుగు ఎక్కించాలంటే ఫైబర్ కొసను రవ్వంత రవ్వంత జరుపుతూ పవర్ మీటర్‌నే చూస్తూ కూర్చోవాలి. అంకె పెరుగుతూ పెరుగుతూ ఠక్కున పడిపోతుంది, మళ్లీ వెనక్కి. నాకు ఈ పనంటే ప్రాణం. మామూలు కమ్యూనికేషన్‌లో వెలుగు తగ్గితే ఆంప్లిఫయర్ ఉంది. మా క్వాంటమ్ చిప్‌లో సమాచారం ఒక్కో ఫోటాన్‌లోనే, అంటే ఒక్కో కాంతి కణంలోనే; దాని క్వాంటమ్ స్థితికి నకలు తీయలేం. పోయిందంటే పోయినట్టే. అందుకే వెలుగు నష్టం ఒక్క డెసిబెల్ (నష్టాన్ని కొలిచే యూనిట్) తగ్గినా పండగే!

చిప్ మీద వేడితో కాంతి తరంగం దశను సరిచేసే బుల్లి హీటర్ల కాలిబ్రేషన్ కూడా అయింది (ఒకదాని వేడి పక్కదానికి పాకుతుంది, అదో పెద్ద పని).

ఇవాళ రెండు ఫోటాన్లను ఒకే బీమ్ స్ప్లిటర్‌లోకి (కాంతిని రెండు దారులుగా చీల్చేది) పంపాం. వాటి మధ్య ఆలస్యం సున్నాకి చేరేకొద్దీ రెండు దారుల చివరా ఉన్న డిటెక్టర్లు ఒకేసారి పలకడం తగ్గిపోయింది. అంటే ఫోటాన్లు రెండూ కలిసి ఒకే దారిన వెళ్తున్నాయన్నమాట. 1987లో హాంగ్, ఔ, మాండెల్ చూపించిన ప్రభావం, మా చిప్‌లో! రేపు చిప్‌లోని మిగతా ఇంటర్‌ఫెరోమీటర్లు (కాంతిని చీల్చి మళ్లీ కలిపేవి).