నాలుక ఎక్కడ ఆనుతోందో పిల్లవాడికి తెలియాలి

మాట స్పష్టంగా రాని పిల్లలకు ఇంట్లో అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: "సరిగ్గా పలుకు." ఒక ధ్వని తన నోట్లో ఎక్కడ పుడుతుందో, దానికి పెదవులు ఏం చేయాలో, నాలుక ఎక్కడ ఆనాలో తెలియని పసివాడికి ఈ మాట వల్ల ఒరిగేదేమీ లేదు. వాడు విన్నది సరిగ్గానే విని ఉండవచ్చు, చెప్పాలన్న కోరిక కూడా నిండుగా ఉండవచ్చు. కానీ విన్న ధ్వనికీ, నోటి కదలికకూ మధ్య ఉండవలసిన దారి వాడికి ఇంకా ఏర్పడలేదు. ఆ దారిని ఏర్పరచడానికి ఇంట్లో మనం చేయగలిగిన పనుల్లో నోటి ఎరుక పెంచడం ఒకటి. ఎరుక అంటే ఇక్కడ నా ఉద్దేశం చాలా సాదాది: పెదవులు మూసుకున్నాయా తెరుచుకున్నాయా, నాలుక కొన పళ్ళకు తగులుతోందా లేదా, గాలి నోటి నుంచి పోతోందా ముక్కు నుంచి పోతోందా అన్నది చూడకుండానే తెలియడం.

మా అబ్బాయి కాకిని "తాతి" అనేవాడు, గుడిని "దుడి" అనేవాడు. స్పీచ్ థెరపిస్ట్ వాణ్ని పరీక్షిస్తూ నాలుక కొనను పై పళ్ళ వెనుక పెట్టమంటే ఎంత ప్రయత్నించినా పెట్టలేకపోయాడు. నాలుక ఒకసారి చెంప వైపుకీ, ఒకసారి కింది పెదవి మీదికీ పోయింది. అద్దం ఎదుట కూర్చోబెట్టి, వాడి పక్కనే కూర్చుని, తన నాలుకను ఆమె అక్కడ పెట్టి చూపించగానే వాడూ పెట్టేశాడు. నాలుకలో బలం లేకపోవడం కాదు, అది ఎక్కడుందో తెలియకపోవడమే ఇబ్బంది అని నాకు ఆ తేడా చూశాకే అర్థమైంది. కొన్ని ధ్వనుల విషయంలో ఈ తెలియకపోవడం ఒక వయసు వరకు సహజమే. క, గ బదులు త, ద పలకడం చాలామంది చిన్నపిల్లల్లో కనిపిస్తుంది. సుమారు మూడున్నర ఏళ్ళకల్లా అది చాలామందిలో దానంతటదే పోతుంది. స, శ, ర వంటివి కుదరడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. కొత్తవారికి పిల్లల మాట ఎంతవరకు అర్థం కావాలన్న దానికి వైద్యులు వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: రెండేళ్ళకు సగం, మూడేళ్ళకు ముప్పాతిక, నాలుగేళ్ళకు దాదాపు అంతా. దీనికి బాగా వెనుకబడి ఉంటే వయసు మీద భారం వేసి ఎదురుచూడకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఇంట్లో ఏ సాధనైనా మొదలుపెట్టడానికి ముందు వినికిడి పరీక్ష చేయించాలి. చెవి వెనుక నుంచి చప్పట్లు కొడితే పిల్లవాడు తిరిగి చూస్తున్నాడు కాబట్టి వినికిడి బాగానే ఉందని అనుకోవడం సరికాదు. మధ్య చెవిలో నీరు చేరి వినికిడి కొద్దిగా తగ్గినా, స, ఫ వంటి మెత్తని ధ్వనులు చెవికి అందకపోవచ్చు. అందని ధ్వనిని నోటికి నేర్పాలనుకోవడం వృథా ప్రయాస. అలాగే ద్రవాలు తాగేటప్పుడు తరచుగా పొలమారడం, నిరంతరం చొంగ కారడం, మాట ముక్కుతో వస్తున్నట్టు ఉండడం, ఎప్పుడూ నోటితోనే ఊపిరి పీల్చడం గమనిస్తే డాక్టరుకు చూపించాలి. వచ్చిన మాటలు పోతున్నట్టు అనిపిస్తే, అది ఏ వయసులోనైనా సరే, ఆలస్యం చేయకూడదు.

ఇక నోటి వ్యాయామాల సంగతి. విజిల్ ఊదించడం, బుడగలు ఊదించడం, స్ట్రాతో పీల్పించడం, నాలుకను చాచి అటూ ఇటూ తిప్పించడం వంటివి చేయిస్తే మాట వస్తుందని చాలామంది చెబుతారు, కొన్ని చోట్ల రుసుము తీసుకుని చేయిస్తారు కూడా. దీనిపై అధ్యయనాలన్నిటినీ కూర్చి చూసిన సమీక్షలు 2009లో ఒకటి, 2015లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ నుంచి మరొకటి వచ్చాయి; మాటతో సంబంధం లేని ఇటువంటి వ్యాయామాల వల్ల ఉచ్చారణ మెరుగవుతుందనడానికి గట్టి ఆధారం వాటిలో ఏదీ దొరకలేదు. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. మాట్లాడడానికి నాలుకకూ, పెదవులకూ ఉన్న మొత్తం బలంలో చిన్న భాగమే చాలు. కావలసింది వేగం, కచ్చితత్వం, ఒక కదలిక నుంచి మరొక కదలికలోకి జారిపోగల నేర్పు. పైగా ఊదేటప్పుడు కండరాలను మెదడు నడిపించే తీరు వేరు, "ప" పలికేటప్పుడు నడిపించే తీరు వేరు. సెరిబ్రల్ పాల్సీ వంటి స్థితుల వల్ల కండరాలు నిజంగానే బలహీనంగా ఉన్న పిల్లల విషయం వేరు, దాన్ని థెరపిస్టే నిర్ణయించాలి. ఆటగా బుడగలు ఊదితే ఊదనివ్వండి, అందులో ఆనందం ఉంది; అదే చికిత్స అని మాత్రం నమ్మవద్దు.

అందుకే ఎరుకను ఎప్పుడూ ధ్వనితో ముడిపెట్టాలి. నాలుకను పైకి పెట్టమని ఊరికే అడగకుండా, పైకి పెట్టి "లా" అనమని అడగాలి; పెదవులు మూయమని చెప్పి ఆగిపోకుండా, మూసి "మామ" అనిపించాలి.

మా ఇంట్లో ఎక్కువగా పనికొచ్చినవి మాట, పాట, బాట అనే మూడు పదాలు. ఈ మూడింటికీ పెదవులు ఒకే తీరుగా మూసుకుంటాయి, కాబట్టి అద్దంలో చూస్తే తేడా ఏమీ కనబడదు. తేడా అంతా చేతికి తెలుస్తుంది. "మ్మ్మ్" అని పొడిగిస్తూ ముక్కు పక్కన వేలు పెట్టుకుంటే సన్నని అదురు తగులుతుంది, ముక్కు మూసేస్తే ధ్వని ఠక్కున ఆగిపోతుంది. ఇది పిల్లలకు ఎంత ఆశ్చర్యం కలిగిస్తుందంటే, మనం అడగకుండానే వాళ్ళు మళ్ళీ మళ్ళీ చేస్తారు. "బ" అనేటప్పుడు పెదవులు విడివడక ముందే గొంతు మీద పెట్టిన అరచేతికి అదురు తెలుస్తుంది. "ప" దగ్గర ఒక చిన్న చిక్కుంది: "పా" అని గట్టిగా అంటే వెనుక వచ్చే అచ్చు వల్ల అక్కడా గొంతు అదురుతుంది, పిల్లవాడు తికమకపడతాడు. కాబట్టి గుసగుసగా "ప్, ప్" అనిపించి, గొంతు నిశ్చలంగా ఉందని చూపించాలి. ముందు మన గొంతు మీద వాడి చెయ్యి, తర్వాత వాడి గొంతు మీద వాడి చెయ్యే. ఈ వరుస తప్పకుండా పాటించాలని థెరపిస్ట్ చెప్పారు, అది మేలైన సలహా.

తాత, టాటా అన్న రెండు పదాలు నాలుక కొనకు మంచి పాఠం. "తాత" అనేటప్పుడు కొన పై పళ్ళ వెనుక ఆనుతుంది, అద్దంలో ఒక్క క్షణం కనబడుతుంది కూడా. "టాటా" అనేటప్పుడు అదే కొన పైకి వెనక్కి మడుచుకుని అంగిలిని తాకుతుంది. నోరు బాగా తెరిచి అంటే నాలుక అడుగుభాగం కనిపిస్తుంది. పెదవుల తీరుకు ఆ, ఈ, ఊ చాలు: తెరుచుకోవడం, సాగడం, గుండ్రంగా ముడుచుకోవడం. అద్దం పిల్లవాడి కళ్ళ ఎత్తులో ఉండాలి, వెలుతురు ముఖం మీద పడాలి, మన ముఖమూ వాడి ముఖమూ పక్కపక్కన ఒకేసారి కనబడాలి. అద్దం గురించి ఇంతకంటే చెప్పవలసిందేమీ లేదు.

కష్టమంతా "క" దగ్గరే. అది నోటి వెనుక భాగంలో పుడుతుంది, అద్దానికి అందదు. మన వర్ణమాలలో హల్లుల వర్గాలు కంఠం నుంచి బయలుదేరి అంగిలి మీదుగా, పళ్ళ మీదుగా పెదవుల వరకు వస్తాయి. అంటే క వర్గం మొదట, ప వర్గం చివర. పసిపిల్లల నోరు సాధారణంగా దీనికి ఎదురు దిశలో నడుస్తుంది. వాళ్ళకు ముందుగా వచ్చేవి కంటికి కనబడే ప, బ, మలూ, నాలుక కొనతో పలికే త, ద, నలూ. కాబట్టి అక్షరాలు దిద్దించే క్రమంలోనే పలికించాలనుకుంటే, పిల్లవాణ్ని అన్నిటికంటే కష్టమైన గుమ్మం దగ్గర నిలబెట్టినట్టే అవుతుంది. ఖ, ఘ వంటి మహాప్రాణాల కోసం ఈ వయసులో ఆరాటపడడం అసలే అనవసరం.

"క" కోసం థెరపిస్ట్ మాకు చూపించిన మార్గాలు ఇవి. పిల్లవాణ్ని వెల్లకిలా పడుకోబెడితే నాలుక తన బరువుకు తానే కాస్త వెనక్కి జారుతుంది. ఆ స్థితిలో నోరు తెరిచి నెమ్మదిగా "అక్, అక్" అనమనాలి. నోట్లో నీళ్ళు లేకుండా, పుక్కిలించే చప్పుడు మాత్రం చేయించడం ఇంకొకటి. నాలుక వెనుక భాగం పైకి లేవడం వాడికి అప్పుడు బాగా తెలుస్తుంది. దవడ కింద, గొంతుకు కాస్త పైన వేలితో మెల్లగా తాకి "ఇక్కడి నుంచి రావాలి నాన్నా" అని గుర్తుచేయడం మూడోది. ఈ తాకడం ఎక్కడ, ఎంత మెల్లగా అన్నది థెరపిస్ట్ చేతి నుంచి నేర్చుకోవాలే తప్ప చదివి చేయకూడదు. పడుకుని ఉన్నప్పుడు నోట్లో తినేది, తాగేది ఏదీ ఉండకూడదు. ధ్వని ఒక్కటిగా కుదిరాక కోట, తోట అనీ, కల, తల అనీ జంట బొమ్మలు ఎదుట పెట్టి, వాడు ఏది పలికితే ఆ బొమ్మను మనం ముట్టుకోవాలి. కోటను చూపించాలనుకుని "తోట" అంటే మన వేలు తోట బొమ్మ మీదికి పోతుంది. నాలుక చోటు మారితే అర్థమే మారిపోతుందని వాడు అక్కడే గ్రహిస్తాడు.

స్పర్శ గురించి ఒక మాట. 1937లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ అనే శాస్త్రవేత్తలు మెదడు ఉపరితలాన్ని సన్నని విద్యుత్తుతో తాకుతూ, శరీరంలో ఏ భాగానికి అక్కడ ఎంత చోటుందో గుర్తించారు; ముఖానికి, పెదవులకు, నాలుకకు వాటి పరిమాణంతో పోలిస్తే చాలా ఎక్కువ చోటు ఉన్నట్టు తేలింది. అందువల్ల నోటిని తాకే రోజువారీ పనులన్నీ ఎరుకకు అవకాశాలే. పళ్ళు తోమేటప్పుడు మెత్తని బ్రష్‌ను నాలుక పక్కల, చిగుళ్ళ మీద, అంగిలి ముందు భాగాన నెమ్మదిగా ఆనిస్తూ "ఇది నాలుక కొన, 'ల' అనేటప్పుడు ఇది పైకి వెళుతుంది" అని చెప్పవచ్చు. మరీ లోపలికి పోతే వాంతి వచ్చినట్టు అవుతుంది, భయం పట్టుకుంటుంది. నోటి దగ్గర తాకనివ్వని పిల్లలుంటారు. వాళ్ళతో తువ్వాలు అంచును వాళ్ళ చేతికే ఇచ్చి చెంపల దగ్గర మొదలుపెట్టాలి, పెదవుల దాకా వాళ్ళంతట వాళ్ళు రావాలి. నోరు నొక్కిపట్టడం, వేళ్ళు లోపల పెట్టి బలవంతంగా నాలుకను కదపడం ఎంతమాత్రం చేయకూడదు. కంపించే పరికరాలు థెరపిస్ట్ చెప్పకుండా వాడకపోవడమే మంచిది.

కొందరు పిల్లలకు ఒక్కొక్క ధ్వని వస్తుంది, కలిపితే చెదిరిపోతుంది; ఒకే పదాన్ని మూడుసార్లు అడిగితే మూడు రకాలుగా అంటారు. అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ 2007 నాటి నివేదికలో అప్రాక్సియా (మాటకు కావలసిన కదలికలను మెదడు వరుసగా కూర్చలేకపోవడం) లక్షణాలుగా చెప్పినవి మూడు: ఇలా నిలకడ లేని తప్పులు, ఒక ధ్వని నుంచి మరొక ధ్వనికి మారడంలో జాప్యం లేదా అంతరాయం, మాట ఊనికలో తేడా. నిర్ధారించవలసింది థెరపిస్టే. అటువంటి పిల్లలకు ధ్వనిని విడదీసి "ప్... ఆ" అని నేర్పడం మేలు చేయదు, ఎందుకంటే వాళ్ళ ఇబ్బంది ఆ మధ్యలోనే ఉంది. "పా" మొత్తాన్ని సాగదీసి నెమ్మదిగా, వాడితో పాటు మనమూ ఒకేసారి అనాలి. వాడి గొంతు నిలదొక్కుకున్న కొద్దీ మన గొంతు తగ్గించి పెదవులు మాత్రం కదపాలి, ఆ తర్వాత మనం ఒకసారి అని వాడి వంతుకు వదిలిపెట్టాలి. అప్రాక్సియా ఉన్న పిల్లల కోసం ఎడిత్ స్ట్రాండ్ అనే అమెరికన్ స్పీచ్ నిపుణురాలు రూపొందించిన చికిత్సా విధానానికి మూలం ఈ క్రమమే.

సాధనకు పెద్ద సమయం అక్కరలేదు. ఒకేసారి అరగంట కూర్చోబెట్టడం కంటే రోజులో పలుమార్లు కొద్ది నిమిషాలు చేయించడం మంచిది. ఆ నిమిషాల్లో "తప్పు" అనకుండా "నాలుక ముందుకు వచ్చేసింది, వెనక్కి పెట్టి చూద్దాం" అనాలి. పిల్లవాడికి ఉపయోగపడే సమాచారం ఆ వాక్యంలోనే ఉంది. సాధన కాని వేళ మాత్రం సరిదిద్దడం పూర్తిగా ఆపేయాలి. కిటికీ దగ్గరకు పరుగెత్తి "తాతి వచ్చింది" అని వాడు సంబరంగా చెబుతున్నప్పుడు "క అను, క అను" అని అడ్డుపడడం క్రూరత్వమనే నేను అంటాను. "అవును, కాకి వచ్చింది, ఎంత పెద్ద కాకి!" అంటే చాలు, సరైన రూపం చెవిన పడుతుంది, సంభాషణ నిలుస్తుంది. అడిగిన వస్తువును చేతిలో దాచి, స్పష్టంగా పలికితేనే ఇస్తామనడం కూడా అటువంటిదే. వచ్చిన బంధువులు ముచ్చటపడి "ఏదీ, ఇంకోసారి అను" అని అడిగితే మర్యాదగా మాట మార్చాలి.

సైగలు, బొమ్మల కార్డులు వాడితే పిల్లలు మాట్లాడడం మానేస్తారన్న భయం చాలామందికి ఉంటుంది. 2006లో వెలువడిన ఒక పరిశోధనా సమీక్షలో పరిశీలించిన పిల్లల్లో, పెద్దల్లో వీటి వల్ల మాట తగ్గినవారు లేరు, ఎక్కువమందిలో ఎంతో కొంత పెరిగింది. నోరు నేర్చుకునేలోగా తన మనసులోది చెప్పుకోవడానికి వాడికి ఏదో ఒక దారి ఉండాలి కదా.

థెరపిస్ట్ దగ్గరకు వెళ్ళే ముందు ఇంట్లో వాడు మామూలుగా మాట్లాడుతున్నప్పటి వీడియో ఒకటి ఫోన్‌లో తీసుకువెళ్ళడం మంచిది. గదిలో కూర్చుని పలికిన "కాకి"కీ, ఆటలో అరిచిన "కాకి"కీ తేడా ఉంటుంది. ఏ పదం తనంతట తాను వచ్చింది, ఏది తాకి గుర్తుచేస్తేనే వచ్చింది, ఏది అద్దం ఉంటేనే వచ్చింది అని మూడు వరుసలుగా నేను ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాను. తాకవలసిన అవసరం ఏ ధ్వనికి తీరిపోయిందో, ఇంకా దేనికి మిగిలిందో ఆ వరుసలు చూసి ఆమె తదుపరి పదాలు నిర్ణయిస్తారు.