ఆక్సిజన్ తగ్గినప్పుడే ఉష్ణోగ్రత ఎందుకు నమోదు కాలేదు? - నా అనుభవం

నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర మా బాబాయికి రెండు రొయ్యల గుంటలున్నాయి, వనామీ రకం. పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదీ రొయ్యలతో పాటు పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ భయంతో బాబాయి మూడింటికే లేచి టార్చి పట్టుకుని గట్టు మీద తిరిగేవాడు. ఆయనకు ఆ నిద్రైనా దక్కాలని నేనొక పెట్టె తయారు చేశాను: మనం రాసిన కోడ్ నడిపే చిన్న ఆర్డ్యూనో బోర్డు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ ప్రోబు, ఉష్ణోగ్రత ప్రోబు, అంకెలు దాచే మెమరీ కార్డు. ఆక్సిజన్ 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) కంటే తగ్గినా, నీళ్లు 32 డిగ్రీలు దాటినా, నీళ్లను చిలికి గాలి కలిపే అదనపు ఏరియేటర్లు వాటంతటవే తిరగాలి.

తిరిగాయి. కానీ వారం తర్వాత కార్డు తీసి చూస్తే, ఏరియేటర్లు తిరిగిన ప్రతి రాత్రీ ఆ రెండు మూడు గంటలు ఉష్ణోగ్రత గడి ఖాళీ. మిగతా రోజంతా నిండుగా ఉంది. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. మంచినీళ్లే 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా పట్టుకుంటాయి, 30 దగ్గర 7.5కు దిగుతాయి. ఉప్పునీళ్లలో ఇంకా తక్కువ. నాకు అన్నిటికంటే అవసరమైన అంకె సరిగ్గా ఆ గంటల్లోనే లేదు.

మోటార్లు మొదలవగానే అంకె మాయమవుతోంది కాబట్టి వోల్టేజి పడిపోతోందనుకున్నాను. బోర్డుకి వేరే బ్యాటరీ పెట్టాను. తీగ మార్చాను, కార్డు మార్చాను. పది రోజులు గడిచాయి, టెన్షన్ తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం ఏరియేటర్ల మెయిన్ ఆపేసి, మగ్గులో గుంట నీళ్లు తీసుకుని డీఓ ప్రోబు ముంచాను. సోడియం సల్ఫైట్ చిటికెడు చిటికెడుగా వేస్తూ వచ్చాను. అది నీళ్లలోని ఆక్సిజన్‌ని తినేస్తుంది, ప్రోబుకి సున్నా సరిచూసేది దానితోనే. లాప్‌టాప్‌లో 6.1, 5.2, 4.3. పక్క గడిలో ఉష్ణోగ్రత కదలకుండా 31.2. ఆక్సిజన్ 3.9కి వచ్చింది, ఉష్ణోగ్రత గడి ఖాళీ అయిపోయింది. ఒక్క మోటారూ తిరగడం లేదు! ప్రోబు కడిగి గుంటలో వేస్తే మళ్లీ 31.2. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. తప్పు తీగల్లో లేదు, నేను రాసిన లైన్లో ఉంది.

‘ఆక్సిజన్ తగ్గిందా’, ‘నీళ్లు వేడెక్కాయా’ అనే రెండు ఫంక్షన్ల (ఒక్కో పని చేసే కోడ్ ముక్కల) మధ్య ||, అంటే ‘లేదా’ గుర్తు, పెట్టాను. రెండో ఫంక్షన్ జవాబు చెప్పడమే కాదు, ప్రోబు చదివి అంకెను కార్డులో రాసేది కూడా అదే. || కి ఎడమవైపు నిజమైతే కుడివైపు ఏదైనా మొత్తం నిజమే, కాబట్టి అటు వెళ్లదు. &&లో, అంటే ‘రెండూ నిజమైతేనే’ అనే గుర్తులో, ఎడమవైపు అబద్ధమైతే అక్కడే ఆగుతుంది. సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలన్నిటిలో ఇలా మధ్యలో ఆగడం భాష నియమం, కోడ్‌ని మార్చి ఇచ్చే కంపైలర్ ఇష్టం కాదు. నేను మొదట నేర్చుకున్నది విజువల్ బేసిక్ 6. అందులో ‘లేదా’కి వాడే ‘ఆర్’ రెండు వైపులా చూస్తుంది, మధ్యలో ఆగే ‘ఆరెల్స్’ దాని తర్వాతి విజువల్ బేసిక్ డాట్ నెట్‌తోనే వచ్చింది. ఆ అలవాటే నాలో ఉండిపోయింది.

దీన్ని షార్ట్ సర్క్యూట్ ఎవాల్యుయేషన్ అంటారని చెప్పగానే బాబాయి కంగారుపడ్డాడు.

“షార్ట్ సర్క్యూటా? యాడ అబ్బయ్యా?”

“కరెంటుది కాదు బాబాయ్. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే మొదటి చెక్ ట్రేలో మేత మిగిలిందనుకో, వచ్చే పూట మేత తగ్గించాలని తేలిపోయినట్టే. ఇక రెండో ట్రే లేపకుండా వచ్చేయడం లాంటిది.”

“అట్టెట్టా కుదురుద్ది? రెండోదాంట్లో చచ్చిన రొయ్య ఉంటే?”

నాకు జరిగింది అదే. ఒకటే నిలువు గీత | పెడితే రెండు ఫంక్షన్లూ నడుస్తాయి. కానీ రేపు ఆ కోడ్ చదివేవాళ్లు గీత పొరపాటున పడిపోయిందనుకుని రెండోది కలిపేస్తారు. అందుకే ముందే రెండు ప్రోబులూ చదివి, రెండు అంకెలూ కార్డులో రాసి, ఆ తర్వాతే || తో పోల్చాను. ‘ప్రోబు పనిచేస్తోందా && 4 కంటే తక్కువా’ అన్న లైను మాత్రం కదపలేదు. ప్రోబు చెడిపోతే దాని అంకె జోలికి వెళ్లకుండా ఆగాలి, అక్కడ ఈ నియమమే నాకు కాపలా.

ఆ రాత్రి 4:10కి ఆక్సిజన్ 3.7, ఉష్ణోగ్రత 29.8. గుంటలో ఏరియేటర్లు తిరుగుతున్నాయి. బాబాయి లేవలేదు.