నంబరు అడిగిన ప్రతిసారీ

ఈ రోజు సెలవు. పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ జరగలేదు. కానీ పొద్దుట్నుంచి రాత్రి దాకా మన వివరాలు ఎవరెవరి చేతికి చేరుతున్నాయన్న ఒకే విషయం రకరకాల వేషాల్లో ఎదురవుతూనే ఉంది, అందుకే రాసిపెట్టుకుంటున్నా.

పొద్దున ఒక కాగితాన్ని పీడీఎఫ్ చేసి పంపాల్సి వచ్చి స్కానర్ యాప్ ఒకటి వేసుకున్నాను. తెరవగానే కెమెరా పర్మిషన్ అడిగింది. సరే, కెమెరా లేకుండా స్కాన్ ఎలా అవుతుంది. వెంటనే లొకేషన్ అడిగింది, ఆ తర్వాత కాంటాక్ట్స్ అడిగింది. కాగితం ఫొటో తీయడానికి నేనెక్కడున్నానో, నా ఫోన్లో ఎవరెవరి నంబర్లున్నాయో దానికెందుకు? రెండూ ఇవ్వనన్నాను. అయినా స్కాన్ శుభ్రంగా వచ్చింది. పనయ్యాక యాప్ తీసేశాను.

లొకేషన్ ఇచ్చినా మానినా అది నా ఇష్టం, నాకు సంబంధించినది. కాంటాక్ట్స్ అలా కాదు. ఆ లిస్టులో ఉన్నది నా సమాచారం కాదు, నన్ను నమ్మి నంబరిచ్చిన వాళ్లది. కొందరి పుట్టినరోజులున్నాయి, ఇంటి అడ్రసులున్నాయి, ఒక డాక్టరుగారి పేరు పక్కన ఆవిడ ఏ జబ్బుకి డాక్టరో కూడా రాసి ఉంది. నేను ఒక్కసారి ‘అలౌ’ నొక్కితే అవన్నీ వాళ్లకి తెలియకుండానే ఎవరి సర్వర్లోకో వెళ్లిపోతాయి. 2013లో ఫేస్‌బుక్‌లో ఒక లోపం బయటపడింది. జనం తమ ఫోన్ల నుంచి ఎక్కించిన కాంటాక్ట్ లిస్టుల్లోని నంబర్లు, ఈమెయిళ్లు ఆయా మనుషుల ఖాతాలకు జతయి ఉండేవి, సుమారు 60 లక్షల మంది వివరాలు అలా ఇతరులు డౌన్‌లోడ్ చేసుకున్న ఫైళ్లలోకి వెళ్లాయి. అంటే ఎవరైనా తన నంబరు ఎక్కడా ఇవ్వకుండా ఎంత జాగ్రత్తగా ఉన్నా, స్నేహితుడి ఫోన్ ద్వారా అది అక్కడికి చేరిపోతుంది. నాకు అన్నిటికంటే బాధనిపించేది ఇదే. ఎవరి గుట్టు వాళ్ల చేతిలోనే ఉంటుందనుకుంటాం, సగం పక్కవాళ్ల చేతిలో ఉంటుంది.

తర్వాత ఒక చిన్న వస్తువు ఆర్డరు పెడదామని కూర్చుంటే ఆ సైటు ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, ఆడా మగా అన్నీ అడిగింది. డెలివరీకి నంబరు కావాలి, ఒప్పుకుంటాను. పుట్టిన తేదీ దేనికి? పక్కన తప్పనిసరి అని చెప్పే నక్షత్రం (*) గుర్తు లేదు కాబట్టి ఖాళీగా వదిలేశాను. చాలామంది ఖాళీ కనిపిస్తే నింపేస్తారు, తప్పనిసరో కాదో చూడరు. లతన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990 నాటి అమెరికా జనాభా లెక్కలు ముందు పెట్టుకుని 2000లో తేల్చిన విషయం ఒకటుంది: పోస్టల్ కోడు, పూర్తి పుట్టిన తేదీ, ఆడా మగా అన్న సంగతి, ఈ మూడే తెలిస్తే చాలు, అక్కడ 87 శాతం మందిని పేరు లేకుండానే విడదీసి గుర్తుపట్టొచ్చు. 2006లో మరో పరిశోధకుడు 2000 నాటి లెక్కలతో మళ్లీ చూస్తే 63 శాతం వచ్చింది, అదీ తక్కువేం కాదు. పేరు ఇవ్వలేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

నేను ఇంత పట్టుదలగా ఉండేది రహస్యాలు దాచుకోవడానికి కాదు. ఒక్కో చోట ఒక్కో ముక్క ఇవ్వక తప్పదు: డాక్టరుకి ఆరోగ్యం, బ్యాంకుకి ఆదాయం, షాపింగ్ సైటుకి అడ్రసు. ఎక్కడి ముక్క అక్కడ ఉంటే ఫర్వాలేదు. ఆ ముక్కలన్నీ ఒకచోట అతుక్కుంటేనే చిక్కు. అతికించడానికి వాడే జిగురు చాలాసార్లు మన ఫోన్ నంబరే. ఏళ్ల తరబడి మార్చం, అన్నిచోట్లా అదే ఇస్తాం. కంపెనీలు తమ దగ్గరున్న నంబర్ల లిస్టుని ప్రకటనల వేదికకి ఎక్కిస్తే, అక్కడున్న నంబర్లతో అవి జతపడిపోతాయి. నంబర్లని కోడ్‌గా మార్చే పంపుతాం, కంగారు పడొద్దు అంటారు, కానీ ఒకే నంబరు ఎక్కడైనా ఒకే కోడ్‌గా మారుతుంది కాబట్టే జతపడుతోంది మరి!

అందుకే అడిగిన ప్రతిచోటా నంబరు ఇవ్వను, ఈమెయిల్‌తో సరిపెట్టమంటాను. ఆ ఈమెయిల్ కూడా ఒక్కో సైటుకి ఒక్కోటి. ఐఫోన్‌లో హైడ్ మై ఈమెయిల్ అని, బయట ఫైర్‌ఫాక్స్ రిలే, సింపుల్‌లాగిన్ అని ఉన్నాయి, అవి ఒక మారు అడ్రసు తయారు చేసి దానికొచ్చిన ఉత్తరాల్ని మన అసలు పెట్టెలోకి పంపుతాయి. జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి రాసుకోవడం కూడా ఉంది కానీ, ప్లస్ తర్వాతది చెరిపేస్తే అసలు అడ్రసు బయటికొచ్చేస్తుంది, కాబట్టి దాని మీద నాకు నమ్మకం లేదు. ఈ రోజే దీని ఉపయోగం కనబడింది. ఎప్పుడూ పేరు వినని ఒక అప్పుల కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఏ అడ్రసుకి వచ్చిందా అని చూస్తే, చెప్పులు కొన్న సైటుకి మాత్రమే ఇచ్చిన అడ్రసు అది. అమ్మారో, దొంగలు పట్టుకుపోయారో గానీ, ఎక్కడి నుంచి కారిందో మాత్రం తెలిసిపోయింది. ఆ అడ్రసు ఒక్కటీ ఆపేశాను. మిగతావేవీ కదిలించాల్సిన పని పడలేదు.

మధ్యాహ్నం చెల్లి ఫోన్ చేసింది. రోజులో ఎక్కువ సేపు దీని మీదే గడిచింది. దానికి ఆరోగ్యం విషయంలో ఒక సందేహం ఉంది, ఏమిటనేది ఇక్కడ రాయను. అదే సమస్య ఉన్నవాళ్లు మాట్లాడుకునే ఒక ఆన్‌లైన్ గ్రూపులో అడగాలనుకుంటోంది, కానీ ఆఫీసు వాళ్లకి గానీ చుట్టాలకి గానీ తెలియకూడదు.

“ఇన్‌కాగ్నిటోలో పెట్టుకుని అడిగితే సరిపోతుంది కదక్కా?” అంది.

సరిపోదు. ఇన్‌కాగ్నిటో చేసేదల్లా మన ఫోన్లోనో కంప్యూటర్లోనో హిస్టరీ మిగలకుండా చూడటం. నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు వైఫై అయితే ఆఫీసుకి, ఏ సైటుకి వెళ్లామో తెలుస్తూనే ఉంటుంది, ఆ సైటుకి మన ఐపీ అడ్రసు, అంటే నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబరు, కనిపిస్తూనే ఉంటుంది. దీని గురించే క్రోమ్ బ్రౌజర్ తయారుచేసే గూగుల్ మీద 2020లో కేసు పడి, 2024లో రాజీకొచ్చి, అలా పోగైన కోట్లాది రికార్డులు చెరిపేస్తామని, ఆ కిటికీ తెరవగానే కనిపించే హెచ్చరికని మరింత స్పష్టంగా రాస్తామని ఒప్పుకుంది. “అయితే వీపీఎన్?” అంది. వీపీఎన్ అంటే మన ట్రాఫిక్‌ని ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు. అది పెట్టుకుంటే నెట్ కంపెనీకి బదులు ఆ వీపీఎన్ కంపెనీకి తెలుస్తుంది, అంతే. నమ్మకాన్ని ఒకరి దగ్గర్నుంచి తీసి ఇంకొకరి చేతిలో పెట్టడమే. ఉచితంగా ఇచ్చేవాడికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచించుకోమన్నాను. టోర్ బ్రౌజర్ గురించి కూడా చెప్పాను, అది మన ట్రాఫిక్‌ని మూడు మజిలీల మీదుగా తిప్పుతుంది, మనమెవరో, ఎక్కడికి వెళ్తున్నామో రెండూ ఏ ఒక్క మజిలీకీ కలిపి తెలియవు. కానీ చెల్లి అవసరానికి అంత దూరం వెళ్లక్కర్లేదు.

“ముందు నువ్వు ఎవరి కంట పడకూడదో చెప్పు,” అన్నాను. సర్కారా, నెట్ కంపెనీయా, మన చుట్టాలా? చుట్టాలూ ఆఫీసు వాళ్లూ అంది. అదే అసలు ప్రశ్న. అది తేలకుండా ఎన్ని యాప్‌లు వేసుకున్నా టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

కాబట్టి ఇలా చేశాం. ఫోన్ నంబరు జత చేయని కొత్త ఈమెయిల్. ఇంతకుముందు ఎక్కడా వాడని పేరు, ఎందుకంటే చాలామంది ఒకే యూజర్‌నేమ్‌ని పదేళ్లు మోస్తారు, దాన్ని సెర్చ్‌లో కొడితే పాత ఖాతాలన్నీ వరసగా వచ్చేస్తాయి. ప్రొఫైల్ ఫొటో లేదు. ఆ ఖాతాని ఫోన్ యాప్‌లో కాకుండా ఇంట్లో సొంత ల్యాప్‌టాప్‌లో, విడిగా పెట్టుకున్న బ్రౌజర్ ప్రొఫైల్లో తెరిచింది. కాంటాక్ట్స్ కలపమని అడిగితే వద్దంది. యాప్‌లో కాంటాక్ట్స్ కలిపితే ‘మీకు తెలిసినవారు’ అంటూ రేపు పిన్ని ఫోన్లో చెల్లి కొత్త ఖాతా ప్రత్యక్షమవుతుంది.

తర్వాత అది తన టెస్టు రిపోర్టు ఫొటో నాకు పంపింది, ఇది పెట్టొచ్చా అని. పేరు మీద ఫోన్లోని మార్కర్‌తో నల్లగా గీసింది. ఆ ఫొటోని తెరిచి వెలుతురు పెంచి చూస్తే గీత కింద అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి, ఎందుకంటే ఆ మార్కర్ పూర్తిగా నలుపు కాదు, వెనకది కాస్త కనిపించే రకం. అది ఒక్కటే అయితే సరే. పై మూల బార్‌కోడ్ ఉంది, దాని కింద పేషెంట్ నంబరు, శాంపిల్ తీసిన తేదీ, టైము, రిపోర్టు మీద సంతకం పెట్టిన డాక్టరు పేరు. ఫొటో ఫైల్లోనే అది ఎక్కడ తీసిందో కూడా నమోదై ఉండొచ్చు, కెమెరాకి లొకేషన్ ఇచ్చి ఉంటే. నేనేమన్నానంటే, ఫొటోనే వద్దు, అందులోని అంకెలు టైపు చెయ్యి. నీకు జవాబు చెప్పేవాళ్లకి కావాల్సింది ఆ అంకెలే.

రాసిన ప్రశ్న చదివి వినిపించింది. అందులో తన వయసు, చేసే ఉద్యోగం, ఊరు, పిల్లల వయసులు, పెళ్లయిన సంవత్సరం ఉన్నాయి. అన్నీ నిజమే, కానీ ఏ ఒక్కటీ ప్రశ్నకి అవసరం లేదు, వయసు తప్ప. అప్పుడు దానికి ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ కథ చెప్పాను. 2006 ఆగస్టులో ఆ కంపెనీ పరిశోధకుల కోసమని సుమారు 6.5 లక్షల మంది మూడు నెలల పాటు సెర్చ్‌లో కొట్టినవన్నీ బయట పెట్టింది. పేర్లు తీసేసి ఒక్కొక్కరికి ఒక్కో అంకె ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఆ అంకెల్లో ఒకదాని వెనకున్న మనిషిని పట్టుకుని ఇంటికి వెళ్లారు. ఆవిడ తన ఊరి పేరుతో ఏవో పనుల కోసం వెతికింది, తన ఇంటిపేరు ఉన్నవాళ్ల కోసం వెతికింది, ఆ రెండూ చాలు. ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదు. ఆవిడ తనకు తెలియకుండానే తన గురించి చెప్పేసింది.

చెల్లి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఒక్క ప్రశ్న అడగడానికి ఇంత చెయ్యాలా అక్కా?” అంది. దాని గొంతులో విసుగు కంటే బాధే ఎక్కువుంది. నాకూ అదే కోపం. ఆరోగ్యం గురించో, మొగుడితో గొడవ గురించో, అప్పు గురించో ఒక మనిషి పేరు చెప్పకుండా ధైర్యంగా అడగ్గలగాలి. అలా అడగ్గలిగితేనే సరైన సమయానికి సాయం దొరుకుతుంది. తప్పు చేసేవాడికే ముసుగు కావాలన్న మాట ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

జనానికి ప్రైవసీ పట్టదు అనే మాట కూడా నేను ఒప్పుకోను. ఇన్నాళ్లూ అడిగిందెవరు? 2021 ఏప్రిల్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5 వచ్చాక గానీ ‘మిమ్మల్ని ఇతర యాప్‌లలో, సైట్లలో వెంటాడటానికి ఈ యాప్‌కి అనుమతిస్తారా’ అని ఐఫోన్ సూటిగా అడగలేదు. ఆండ్రాయిడ్‌లో ప్రకటనల ఐడీని, అంటే ప్రకటనల వాళ్లు మన ఫోన్‌ని గుర్తుపట్టే నంబరుని, పూర్తిగా తీసేసుకునే వీలు 12వ వెర్షన్ కాలంలో గానీ రాలేదు. సఫారీ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు మనల్ని వెంటాడే ఇతర సైట్ల కుకీల్ని (మనల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్లో పెట్టే చిన్న ఫైళ్లని) వాటంతటవే అడ్డుకుంటున్నాయి, దానికి మనం వేలు కూడా కదపక్కర్లేదు. ఇలా మొదటి నుంచే మూసి ఉంచితే, చెల్లి లాంటి వాళ్లు నాకు ఫోన్ చెయ్యాల్సిన పనే ఉండదు.

సాయంత్రం టీవీ సెట్టింగుల్లోకి వెళ్లాను, చాన్నాళ్లుగా చూద్దామనుకుంటున్నదే. స్మార్ట్ టీవీలు చాలావాటిలో తెర మీద కనిపించేదాన్ని గుర్తుపట్టి కంపెనీకి చెప్పే ఏర్పాటు ఒకటుంటుంది. అమెరికాలో విజియో కంపెనీ 1.1 కోట్ల టీవీల నుంచి సెకను సెకనుకీ ఇలా సేకరించిందని ఆరోపణ వచ్చి, 2017లో 22 లక్షల డాలర్లు కట్టి కేసు ముగించుకుంది. మా టీవీలో అది ప్రైవసీ అనే పేరు కింద లేదు, ‘మీ అభిరుచికి తగ్గ సూచనలు’ అన్నట్టుగా ఇంకెక్కడో ఉంది. ఆపేశాను. వాతావరణం యాప్‌కి కూడా కచ్చితమైన లొకేషన్ తీసేసి సుమారు లొకేషన్ ఇచ్చాను. వాన పడుతుందో లేదో చెప్పడానికి దానికి నా వీధి తెలియక్కర్లేదు.

రాత్రి చెల్లి మెసేజ్ పెట్టింది, ప్రశ్న పెట్టానని, అదే సమస్య దాటొచ్చిన ఇద్దరు చాలా ఓపిగ్గా జవాబిచ్చారని, రేపే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నానని. చాలా సంతోషమేసింది. పనయ్యాక ఆ ఖాతా తీసేయనా అని అడిగింది. తీసెయ్, కానీ ముందు పోస్టు తీసేసి ఆ తర్వాత ఖాతా తీసెయ్ అన్నాను. చాలాచోట్ల ఖాతా పోయినా రాసింది అలాగే ఉండిపోతుంది, అప్పుడు దాన్ని చెరపడానికి మన చేతిలో ఏమీ ఉండదు.