రాయదుర్గం బోర్డులు, మా అవ్వ ఫోటో

మాది అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దు దగ్గరున్న రాయదుర్గం. ఇంట్లో కన్నడ, బడిలో తెలుగు, బజార్లో నోటికి ఏదొస్తే అది. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నన్ను కన్నడోడు అనేవాళ్ళు, బళ్లారిలో మా మేనత్త ఇంటికి పోతే అక్కడి పిల్లలు ఆంధ్రా మామ వచ్చినాడు అంటారు. ప్రేమగానే అంటారు, కానీ విన్నప్పుడల్లా మరి నేను ఎక్కడోణ్ణి అనిపిస్తుంది.

అందుకే ఫోటోలు తీసి వాటి మీద బొమ్మలు గీయడం మొదలుపెట్టా. ఫోన్లో తీసిన ఫోటోని మామూలు పేపర్ మీద బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీయిస్తా, గ్లాసీ పేపర్ అయితే ఇంకు తొందరగా ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. దాని మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి కిటికీ అద్దానికి అంటించి పగటి వెలుతుర్లో గీస్తా. రెండు భాషల మధ్య మనిషి అనే టాపిక్ అనగానే చాలామంది ముఖాన్ని మధ్యలో గీతతో రెండు ముక్కలు చేసి చెరో రంగు వేస్తారు. నాకు అది అబద్ధం అనిపిస్తుంది, నాలో అట్లాంటి గీత ఎక్కడా లేదు.

గీత మ్యాప్‌లో పడింది. అనంతపురం జిల్లానే 1882లో బళ్లారి జిల్లా నుంచి విడదీశారు, మా రాయదుర్గం తాలూకా మాత్రం 1953 అక్టోబర్ 1 దాకా బళ్లారిలోనే ఉండి, ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఇటు చేరింది, బళ్లారి మైసూరు రాష్ట్రం (ఇప్పటి కర్ణాటక) వైపు పోయింది. మా అవ్వ అంతకు ముందే పుట్టింది, పెళ్ళీ ఈ ఊళ్ళోనే, ఊరు దాటకుండానే ఆమె జిల్లా మారింది, రాష్ట్రం మారింది. ఆమె సంగటి ముద్ద చేస్తున్న ఫోటో మీద గీస్తుంటే తడి చేతుల ముడతలు, గాజులు, గిన్నె అంచుకి అంటిన పిండి అన్నీ కనపడినాయి, ఇందులో ఏది ఏ రాష్ట్రానిదో ఎవరు చెప్తారు?

షాపు బోర్డులు గీయడం నాకింకా ఇష్టం. మా ఊరి తెలుగు బోర్డునీ బళ్లారి కన్నడ బోర్డునీ వేరువేరు ట్రేసింగ్ పేపర్ల మీద గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకుంటే ర, గ, న లాంటి అక్షరాల ఒళ్ళు దాదాపు కలిసిపోతుంది, తలకట్టు దగ్గరే తేడా. మనది టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, వాళ్ళది అడ్డంగా సాగుతుంది. ఒకే లిపి నుంచి విడిపోయినవే కదా రెండూ! ఆ రెండు షీట్లు కలిపి ఫ్రేమ్ కట్టించా, దాని కింద నా పేరు రాసుకోవడానికి ఏమాత్రం ఆలోచించలేదు.

చేత్తో రాసిన బోర్డులు పోయి అన్నీ ఫ్లెక్సీలే అయిపోతున్నాయి, పెయింటర్ బ్రష్షు తిప్పిన ఒంపు ఫ్లెక్సీలో రాదు. ఆదోని, ఆలూరు కూడా 1953లో మాలాగే ఇటు వచ్చిన తాలూకాలు, అక్కడ పాత బోర్డులు మిగిలున్నప్పుడే పోయి ఫోటోలు తీసుకోవాలి.