మా డ్యూటీ చార్టు, నా ఆరోగ్యం

నాకు మొదట తప్పింది నెలసరి. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా. మార్నింగ్ 8 నుంచి 2, ఈవినింగ్ 2 నుంచి 8, నైట్ మాత్రం రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా. చార్టుకు ఒక వరుసంటూ ఉండేది కాదు. నైట్ దిగి ఒక్కరోజు గడిస్తే మార్నింగ్, ఆ వెంటనే ఈవినింగ్, ఎవరైనా సెలవు పెడితే మళ్లీ నైట్.

పీరియడ్స్ ఆగినప్పుడు ఇంట్లో సంబరపడ్డారు. టెస్టులో ఏమీ లేదు. స్కానింగ్ బాగుంది, థైరాయిడ్ బాగుంది. గోలీలు వేసుకుంటే వచ్చేది, మానేస్తే ఆగేది. దానికితోడు కడుపులో మంట, పెరుగుతున్న బరువు, ఊరికే కోపం. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు దగ్గరికి తిరిగా. నువ్వు ఏ టైంకు పడుకుంటావని ఒక్కరూ అడగలేదు.

నైట్ దిగి కాజీపేటలో ఇంటికి చేరేసరికి 9 అయ్యేది. ఇల్లు ఊడ్చి, అన్నం కూర వండి పడుకుంటే పదకొండు. బయట కూరగాయల బండి మైకు, లోపల కుక్కర్ విజిల్. "పగటీలి పండుకుంటె ఇంటికి మంచిది కాదు బిడ్డా" అని మా అత్తమ్మ నొచ్చుకునేది. ఎండాకాలం రేకుల గదిలో నిద్రపట్టడమే గగనం. నైట్ డ్యూటీ చేసే మగవాళ్లకూ నిద్ర కరువే, కాదనను. కానీ ఇంటికి రాగానే పొయ్యి ముట్టించే పని ఆడవాళ్లకే ఉంటుంది.

మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 6.1 శాతం వచ్చాక హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి పోయా. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ జబ్బు గడప దాకా వచ్చినట్టే. ఆమె రిపోర్టులు పక్కనపెట్టి "డ్యూటీ చార్టు ఉందా అమ్మా?" అంది. ఫోన్లో ఫోటో చూపించా. ఒక కాగితం మీద రోజుకొకటి చొప్పున అడ్డగీతలు గీసి, నేను పడుకున్న గంటలను పెన్నుతో నల్లగా దిద్దుతూ పోయింది. నెల మొత్తంలో ఆ నలుపు వరుసగా రెండు గీతల మీద కూడా ఒక్క చోట పడలేదు. "అండాశయాల్లో లోపమేం లేదు. పొద్దు ఎప్పుడో, రాత్రి ఎప్పుడో నీ మెదడుకు తెలుస్తలేదు" అంది.

మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒక గడియారం ఉంటుంది. దానికి టైం చెప్పేది కంట్లో పడే వెలుతురు. చీకటి పడ్డాక, రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోన్ ఊరాలి. ఐసీయూ ట్యూబులైట్ల కింద అది తగ్గిపోతుంది. అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్ కూడా ఈ గడియారాన్ని అనుసరించేదే. క్లోమానికి, కాలేయానికి వేరే గడియారాలున్నాయి. రాత్రి 2 గంటలకు ప్యాంట్రీలో నిలబడి తినే పులిహోర, పగలు తిన్నదానికంటే షుగర్‌ను ఎక్కువ పెంచుతుంది. శరీర గడియారం పనితీరు కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. రాత్రి షిఫ్టులు బహుశా క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే చెప్పింది, 2019లో మళ్లీ చెప్పింది. నైట్లు చేసే అందరికీ క్యాన్సర్ వస్తుందని దాని అర్థం కాదు. అయినా ఇంత తెలిశాక కూడా చార్టును ఖాళీలు పూరించే కాగితంలా రాయడం అన్యాయం.

మందులకంటే ముందు డాక్టరమ్మ చార్టు మార్చుకోమంది. మార్నింగ్, ఆ తర్వాత ఈవినింగ్, ఆ తర్వాత నైట్: ఈ వరుసలో పోతే ఒంటికి కాస్త సులువు, ఎదురు తిరిగితే కష్టం. నైట్లు అయ్యాక రెండు రోజులు ఆఫ్ ఉండాలి. ఐసీయూ నర్సులందరం కలిసి ఇన్‌చార్జి సిస్టర్‌ను అడిగాం. మొదట కుదరదంది. ఆమెకూ మా వయసు బిడ్డ ఉంది, అదీ నర్సే. చివరికి తనే కూర్చుని వరుస రాసింది.

ఇంట్లో కిటికీకి మందపాటి నల్లగుడ్డ కుట్టించా. డ్యూటీకి పోయేముందే కడుపునిండా తిని, అర్ధరాత్రి దాటాక మజ్జిగతో సరిపెడుతున్నా. తెల్లవారుజామున చాయ్ బంద్. పొద్దున వచ్చేటప్పుడు నల్లద్దాలు. నైట్ దిగిన రోజు వంట మా ఆయనదే. అత్తమ్మ ఇప్పుడు గడప దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లను "పిల్ల పండుకుంది, మెల్లగ మాట్లాడున్రి" అంటది.

నెలసరి గోలీలు లేకుండా రావడానికి చాలా నెలలు పట్టింది. షుగర్ 5.6కు దిగింది. బరువు పెద్దగా తగ్గలేదు. నైట్ల తర్వాత మొదటి రాత్రి ఇప్పటికీ 3 గంటలకే మెలకువ వస్తుంది. కొత్త వరుస మా ఐసీయూలోనే నడుస్తోంది, మిగతా వార్డుల్లో పాత పద్ధతే. లేబర్ రూం నర్సులు మా చార్టు ఫోటో తీసుకుపోయారు, వచ్చే నెల వాళ్లూ అడుగుతారట.