గేర్ రాడ్డుకి కొత్త తల

"ఇది తాతయ్య కారు కదమ్మా. నువ్వు ఇక్కడ ఉండవు కూడా. నీకేంటి ప్రాబ్లం?" అంది మా అమ్మాయి. పద్నాలుగేళ్ళది. దానికి నా దగ్గర జవాబు లేదు, అందుకే ఇది రాస్తున్నాను. జవాబు ఉండుంటే అప్పుడే అరిచేసి ఊరుకునేదాన్ని.

గొడవంతా గేర్ నాబ్ గురించి, అంటే గేరు రాడ్డు పైన చేత్తో పట్టుకునే పిడి. సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో మా నాన్న ఇంకా 2006 నాటి హోండా సిటీ జెడ్‌ఎక్స్ నడుపుతున్నారు. పదిహేనేళ్ళు నిండితే ఫిట్‌నెస్ చేయించి, ఆర్సీ ఇంకో ఐదేళ్ళకి పొడిగించుకున్నారు. దాని గేర్ నాబ్ మీద తోలు పొరలు పొరలుగా లేచి అరచేతికి అంటుకుంటోంది. అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. పోయిన సెలవుల్లో ఆయన చేతిరుమాలు చుట్టి గేర్లు మార్చడం మా అమ్మాయి చూసింది. ఈసారి వస్తూ తన డబ్బులతో స్టీలు నాబ్ ఒకటి కొని సూట్‌కేసులో పెట్టుకొచ్చింది. నున్నగా ఉంది, చేతిలోకి తీసుకుంటే రోకలి పొన్నంత బరువు. పైన ఐదు గేర్లు, కుడివైపు కింద రివర్స్. సరిగ్గా మా బండికి ఉన్నట్టే. అంటే చూసే కొంది.

నేను వద్దన్నాను. పాత బండికి ఈ సోకులెందుకు, ఎండకి కాలుతుంది, తాతయ్యకి అలవాటు తప్పుతుంది అని ఏవేవో చెప్పాను. అసలు సంగతి వేరు. పరేడ్ గ్రౌండ్స్ వెనక సందుల్లో నేను బండి నేర్చుకున్నది దీని మీదే. ఆ నాబ్ మీద నా చెయ్యి, నా చేతి మీద నాన్న చెయ్యి. నేను విమానం ఎక్కేటప్పుడు ఏది ఎక్కడుందో అక్కడే ఉండాలి, అంతే. అమెరికాలో మా ఇంట్లో సోఫాలు, పరదాలు బుద్ధి పుట్టినప్పుడల్లా మారుస్తాను. ఇక్కడ నాన్న వంటింటి గట్టు పగలగొట్టి గ్రానైట్ వేయిస్తానంటే ఫోన్లోనే అలిగాను. "నువ్వొచ్చి కడుగుతావుటే ఆ గచ్చు?" అని అమ్మ పెట్టేసింది. పిల్లకి మాత్రం ఏటా దిగీ దిగగానే ఒకటే పాఠం: ఇది నీ ఇల్లే, మొహమాటపడకు. తీరా అది సొంతింట్లోలా చెయ్యి వేస్తే, చెయ్యి తియ్యమంటున్నాను.

నాన్న మాత్రం ఎక్కువ ఆలోచించలేదు. "తెచ్చింది కదా, పెడదాం" అన్నారు.

పాత నాబ్ ఎడమకి తిప్పితే ఊడొచ్చేదే. కానీ ఇన్నేళ్ళ బిగువు. రబ్బరు తొడుగు వేసుకుని తాతా మనవరాలూ చెరో పట్టూ పట్టారు. నేను తలుపు దగ్గర నిలబడి సలహాలిచ్చాను. ఊడాక కింద మరలున్న రాడ్డు బయటపడింది. హోండా వాళ్ళది పది ఎంఎం, మరకీ మరకీ మధ్య ఒకటిన్నర ఎంఎం. కొత్త నాబ్‌తో వచ్చిన ప్యాకెట్లో లోపల బిగించే ఇత్తడి బిళ్ళలు రకరకాలవి ఉన్నాయి. అందులో పది ఎంఎందే, ఒకటింపావు మరది కూడా ఉంది, నిస్సాన్‌కీ మజ్దాకీ వాడేది. కంటికి రెండూ ఒకటే. పొరపాటున అది పెడితే రెండు చుట్లు హాయిగా తిరిగి పట్టేస్తుంది. బలం చూపించామా, రాడ్డు మరలు పోతాయి. ఇదంతా మా అమ్మాయి తాతయ్యకి చెబుతోంది. "చివరిదాకా చేత్తోనే తిరగాలి తాతయ్యా, ఫోర్స్ చేయొద్దు" అని. ఆయన మనవరాలి మాట వినడం నాకు ముచ్చటేసింది. నా మాట ఎప్పుడు విన్నారని కాస్త కడుపు మండింది కూడా.

చివరికంటా బిగిస్తే నాబ్ మీద బొమ్మ పావు చుట్టు పక్కకి తిరిగిపోయింది. ఒకటో గేరు కుడి తలుపు కేసి చూస్తోంది. "ఇంకాస్త బిగించండి, అదే వస్తుంది" అన్నాను. రాదు. దానికి కింద నట్టు ఉండాలి. ముందు నట్టుని రాడ్డు మీద బాగా కిందికి దింపి, నాబ్ ఎక్కించి, బొమ్మ తిన్నగా వచ్చేదాకా వెనక్కి తిప్పి, అక్కడ దాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో నట్టుని పైకి తెచ్చి నాబ్ అడుగుకి బిగించాలి. పావు చుట్టు వెనక్కి తిప్పితే పైకి లేచేది అర ఎంఎం కూడా ఉండదు. నట్టు లేకుండా వదిలేస్తే గేరు మార్చినప్పుడల్లా సడలి సడలి, ఓ రోజు ట్రాఫిక్‌లో చేతికే ఊడొస్తుంది. నట్టు బదులు మరలకి నీలం రంగు థ్రెడ్ లాకర్ (మర సడలకుండా పట్టే జిగురు) పూసేవాళ్ళూ ఉన్నారు. ఎర్రది పూస్తే మాత్రం వేడి పెడితే గానీ ఊడదు.

ప్యాకెట్లో నట్టు లేదు. ఆటోలో రాణిగంజ్ వెళ్ళాం. షాపతను తలెత్తకుండానే "పది నంబరా? మోటా చూడీనా, బారీక్ చూడీనా?" అన్నాడు. మా అమ్మాయి నా మొహం చూసింది, నేను నాన్న మొహం చూశాను. "మోటా" అన్నారాయన. చూడీ అంటే మర, మోటా అంటే ఎడమెడంగా ఉన్నది, బారీక్ అంటే సన్నది. పది ఎంఎంకి మామూలుగా వచ్చే మర ఒకటిన్నరే, కాబట్టి అది ఏ నట్ల కొట్లోనైనా దొరికేదే. ఒక్క నట్టు కోసం ముగ్గురం వచ్చామని అతను నవ్వుకున్నాడు.

ఇంటికొచ్చాక అసలు పేచీ. హ్యాండ్ బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్లో పెట్టి, మూడు నుంచి నాలుగుకి పోయే గీత బండి పొడవుకి తిన్నగా ఉందా లేదా చూడాలి. వంకరగా ఉందన్నాను. బాగానే ఉందన్నారు నాన్న. ఎంత తిప్పించినా నాకు వంకరే. "నువ్వు ఎక్కడ కూర్చున్నావో చూసుకో" అంది మా అమ్మాయి. ఎడమ సీట్లో కూర్చున్నాను. అమెరికాలో స్టీరింగ్ ఉండే వైపు. రాడ్డు కాస్త వెనక్కి వాలి ఉంటుంది, నాబ్ పైభాగం గుండ్రన, అందుకని పక్కనుంచి చూస్తే బొమ్మ తిరిగినట్టే ఉంటుంది. కుడి సీట్లోకి మారి చూశాను. తిన్నగానే ఉంది. అయినా ఒప్పుకోలేదు. స్టీరింగ్ ఎటున్నా ఒకటో గేరు ఎడమ పైనే కదా, బొమ్మ బండికి తిన్నగా ఉండాలి గానీ నడిపేవాళ్ళ కళ్ళకి కాదని వాదించాను. "నడిపేది తాతయ్య" అని పానా అందుకుని బిగించేసింది.

నిజానికి ఇక్కడో సలహా రాద్దామనుకున్నాను. సెలవుల్లో పిల్లల్ని చార్మినార్, గోల్కొండ తిప్పే బదులు తాతల పక్కన ఒక పానా ఇచ్చి కూర్చోబెట్టండి అని. రాయబోతే అనుమానం వచ్చింది. ఆ రెండు గంటలూ వాళ్ళు నట్టు గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. "తాతయ్య ఈ కారు ఎలా కొన్నారో అడుగు" అని నేను మధ్యలో అందించాను కూడా. ఇద్దరూ పట్టించుకోలేదు. బంధం కలిసిందా, బోల్టు బిగిసిందా అంతేనా, నాకు తెలీదు. వచ్చే ఏడు పదిహేను నిండితే టెక్సాస్‌లో దానికి లెర్నర్ పర్మిట్ వస్తుంది. నేర్చుకునేది ఆటోమేటిక్ మీద. ఇక్కడ బండి పట్టాలంటే పద్దెనిమిది నిండాలి, అప్పటికి కాలేజీ, సెలవులకి వస్తుందో రాదో. ఈ గేరు దాని చేత్తో మారేది ఎప్పటికీ ఉండకపోవచ్చు. ఆ మాట అంటే, "నాకోసం కొనలేదు కదమ్మా" అంది.

పాత నాబ్ నేను పట్టుకెళ్దామనుకున్నాను. నాన్న అప్పటికే డిక్కీలో పానాల సంచిలో వేసేశారు, ఎప్పుడైనా అవసరపడుతుందని.

ఎండ విషయంలో మాత్రం నా మాటే నిజమైంది. మధ్యాహ్నం బయట పెట్టిన బండి ఎక్కితే స్టీలు నాబ్ చుర్రుమంటోంది, నాన్న మళ్ళీ చేతిరుమాలు తీశారు. నేనేమీ అనలేదు, ఎంతో కష్టం మీద. దానికి అమ్మా, మా అమ్మాయీ కలిసి క్రోషా తొడుగు అల్లుతున్నారు. ఏ రంగు బాగుంటుందని నన్నడిగారు. పాతదానిలాగే నలుపు వేయమన్నాను. ఎరుపు అల్లుతున్నారు.